అమ్మ పుట్టినట్టు కాగితం కోసం ఎదురుమొండి దీవికి నాలుగు ప్రయాణాలు

అమ్మకి అరవై మూడేళ్ళు. ఆమె పుట్టినట్టు చూపించే కాగితం ఒక్కటి కూడా మా ఇంట్లో లేదని 2024 జూన్‌లో తెలిసింది.

డల్లాస్‌లో ఉన్న చెల్లి అమ్మకి గ్రీన్ కార్డు కోసం 2023 ఫిబ్రవరిలో అర్జీ పెట్టింది. పదహారు నెలలకి అది ఆమోదం పొంది ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కి వెళ్ళింది. అక్కడ రెండు ఫీజులు కట్టాలి, ఒకటి 325 డాలర్లు, ఇంకోటి 120 డాలర్లు. చెల్లి ఆ రాత్రే కట్టేసింది. మర్నాడు కాగితాల జాబితా పంపింది. అందులో మొదటిదే బర్త్ సర్టిఫికెట్.

అమ్మని అడిగితే, "నాకెక్కడిదిరా? ఉప్పెనలో ఇల్లే పోతే కాగితం ఉంటుందా?" అంది.

అమ్మ పుట్టింది ఎదురుమొండిలో. కృష్ణా జిల్లా నాగాయలంక మండలంలో, కృష్ణానది సముద్రంలో కలిసే చోట ఉన్న దీవి. మా నాన్నది తెనాలి. పెళ్ళయి వచ్చాక అమ్మ ఆ దీవి గురించి మాతో ఎక్కువ మాట్లాడలేదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో మా అమ్మమ్మ, ఇద్దరు మేనమామలు పోయారని మాకు తెలుసు. అంతకు మించి మేం అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇంట్లో ఉన్న కాగితాలన్నీ బల్ల మీద పరిచి చూశాను. ఆధార్‌లో పుట్టిన తేదీ 01-01-1961. ఆ కాలంలో పుట్టినవాళ్ళలో చాలామందికి ఇలాగే జనవరి ఒకటి రాసి ఉంటుంది. పాస్‌పోర్టులోనూ అదే తేదీ. పుట్టిన ఊరు మాత్రం అవనిగడ్డ అని ఉంది. పాస్‌పోర్టుకి అప్లై చేసిన రోజు నింపినవాడు ఎదురుమొండి అంటే ఎవరికీ తెలియదని అవనిగడ్డ అని కొట్టేశాడు, మేమూ సరేననుకున్నాం. ఆ ఒక్క మాట తర్వాత ఎంత టెన్షన్ పెట్టిందో చెబుతాను. స్కూలు సర్టిఫికెట్ లేదు. అమ్మ అయిదో తరగతి వరకు దీవిలోనే చదివింది. ఆ బడి, అందులోని రిజిస్టర్లు నీళ్ళతోనే పోయాయి.

చెల్లి లాయరు ఫోన్‌లో దారి చెప్పాడు. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది, 1970 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పుట్టినవాళ్ళకి సర్టిఫికెట్ లేకపోవడం మామూలే. అందుకని, పుట్టిన చోట రికార్డు దొరకలేదని అక్కడి అధికారులు ఇచ్చే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ ఒకటి కావాలి. దానితోపాటు అమ్మ కంటే పెద్దవాళ్ళు, ఆమె పుట్టుక తెలిసినవాళ్ళు ఇద్దరు అఫిడవిట్ ఇవ్వాలి.

మొదటిది ఆఫీసు పని, తిరిగితే అవుతుంది. రెండోది విన్నప్పుడే నాకు గుండె జారింది. 1961లో అమ్మ పుట్టడం చూసి, 1977 దాటి, ఇవాళ్టికీ బతికి ఉండి, సంతకం పెట్టగల మనుషులు ఇద్దరు కావాలి.

ఆగస్టు 20, మంగళవారం. నేనొక్కడినే తెనాలి నుంచి బైక్ మీద బయల్దేరాను. రేపల్లె దాటి, పెనుమూడి దగ్గర వారధి ఎక్కితే అవతల పులిగడ్డ. అక్కడే కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్నదే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక దాటి ఏటిమొగ అనే ఊరి దగ్గరికి వెళ్ళేసరికి రోడ్డు అయిపోయింది. ముందంతా నీళ్ళు. దివిసీమే ఒక దీవి అనుకుంటే, దానికి కూడా అవతల ఉన్న దీవి మా అమ్మ పుట్టినిల్లు. పడమటి పాయ దిగువన మళ్ళీ గొల్లమట్టపాయ, నడిమేరు, ప్రధాన పాయ అని మూడుగా విడిపోతుంది. ఎదురుమొండి, గొల్లమంద, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ లాంటి ఊళ్ళన్నీ ఆ పాయలు తెచ్చిపోసిన ఒండ్రు మీద వెలిసినవే.

ఏరు దాటించేది పంటు. రెండు పడవల మీద చెక్కలు పరిచిన బల్లకట్టు అనుకోండి. దాని మీద బైకులు, గ్యాస్ సిలిండర్లు, సిమెంటు బస్తాలు, మంచినీళ్ళ క్యాన్లు, బడికి వెళ్ళే టీచర్లు, ఒక గేదె, నేను. ఛార్జీ చిల్లరతో సరిపోయింది. మొదటి పాఠం అక్కడే నేర్చుకున్నాను: పంటు మన గడియారం ప్రకారం నడవదు. ఏరు సముద్రానికి అంత దగ్గర కాబట్టి పోటు వస్తే నీళ్ళు నిండుతాయి, ఆటు వస్తే ఒడ్డున బురద తేలుతుంది. బురద తేలినప్పుడు పంటు రేవుకి ఆనదు. ఆ రోజు నేను గంటా పది నిమిషాలు ఆగాను. ఆఫీసు పని మీద వెళ్ళేవాళ్ళు ముందురోజు అక్కడి వాళ్ళకి ఫోన్ చేసి పోటు ఎన్ని గంటలకో అడిగి బయల్దేరండి. ఆఖరి పంటు ఎప్పుడో కూడా దిగగానే అడగండి.

అక్కడి ఉద్యోగులు మర్యాదగా మాట్లాడారు. 1961 ప్రాంతం రిజిస్టర్లు లేవని చెప్పి, అర్జీ ఎలా రాయాలో చెప్పారు. పంచాయతీ నుంచి, మండలం నుంచి విచారణ జరిగి సర్టిఫికెట్ వస్తుంది. నేను అమ్మ పేరు, పుట్టిన ఏడు రాసి ఇచ్చి, ఆధార్ కాపీ జతచేసి, సంతోషంగా తిరిగొచ్చాను. ఆ అర్జీలో నేను చేసిన తప్పు నెల తర్వాత గాని బయటపడలేదు.

పది రోజులు గడిచాయో లేదో, వరద. సెప్టెంబరు 1న విజయవాడ మునిగింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వదిలారు, అంతకు ముందెప్పుడూ అంత వరద రాలేదని టీవీల్లో చెప్పారు. అందరూ విజయవాడ చూస్తుంటే మా అమ్మ మాత్రం, "ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోతాయి? దిగువకేగా" అని రెండు రాత్రులు టీవీ ముందే కూర్చుంది. నలభై ఏడేళ్ళుగా ఆ దీవి పేరు ఎత్తని మనిషి, అక్కడి వాళ్ళకి ఫోన్ చేసి కనుక్కోమని నన్ను నిద్రలేపింది. పంటు ఆగిపోయింది. మా ఫైలు కదిలే ప్రశ్నే లేదు. అడగడానికి కూడా నాకు మనసొప్పలేదు, అక్కడి వాళ్ళు పొలాల్లో నీళ్ళు, ఇళ్ళల్లో బురద ఎత్తిపోసుకుంటున్నారు.

సెప్టెంబరు 25న ఫోన్ వచ్చింది, కాగితం సిద్ధంగా ఉందని. ముప్పై ఆరు రోజులు పట్టింది. వరద లేకపోతే అందులో సగం పట్టేదేమో. నేను వెళ్ళి తెస్తానంటే అమ్మ, "నేనూ వస్తా" అంది.

అమ్మ చివరిసారి ఆ ఏరు దాటింది 1991లో, మా తాతయ్య పోయినప్పుడు. ఉప్పెనలో తాతయ్య ఒక్కడే బతికాడు. ఏడాది తిరక్కుండానే అమ్మకి పెళ్ళి చేసి తెనాలి పంపేసి, తను మాత్రం దీవిలోనే ఉండిపోయాడు. ఎన్నిసార్లు పిలిచినా రాలేదట.

27న కారు మాట్లాడుకుని వెళ్ళాం. పంటు ఎక్కేటప్పుడు అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో దిగింది. నేను చెయ్యి ఇవ్వబోతే వద్దంది. బురదలో నాకంటే బాగా నడిచింది. ఏటి మధ్యకి వచ్చాక మాత్రం మాట్లాడలేదు. దూరంగా మడ అడవి పచ్చటి గోడలా కనబడుతోంది. దాన్నే చూస్తూ నిలబడింది.

సర్టిఫికెట్ చేతికి వచ్చాక చూస్తే అందులో తల్లిదండ్రుల పేర్లు లేవు, ఇంటిపేరు మా నాన్నది ఉంది. తప్పు పూర్తిగా నాదే. అర్జీలో అమ్మ పేరు ఆధార్‌లో ఉన్నట్టు అత్తవారి ఇంటిపేరుతో రాశాను. 1961లో ఆ ఇంటిపేరుతో దీవిలో ఎవరూ పుట్టలేదు కదా. తాతయ్య, అమ్మమ్మ పేర్లు రాయనే లేదు. మీరు రాసేటప్పుడు పుట్టింటి ఇంటిపేరు రాసి, పెళ్ళి తర్వాతి పేరు కూడా 'అలియాస్' అని పక్కన రాయండి. తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు, అప్పటి తాలూకా రాయండి. మండలాలు 1985లో వచ్చాయి. అమ్మ పుట్టినప్పుడు అది దివి తాలూకా, అవనిగడ్డ కేంద్రం. లాయరుకి ఈ సంగతి చెబితే, "అయితే మంచిదే, పాస్‌పోర్టులో అవనిగడ్డ అని ఎందుకుందో దీనితో తేలిపోతుంది. అఫిడవిట్లలో ఊరూ తాలూకా రెండూ రాయించండి" అన్నాడు. నేను రెండు నెలలుగా నిద్ర పాడుచేసుకున్న చిక్కు ఒక్క వాక్యంతో తీరింది.

కొత్త అర్జీ అక్కడే కూర్చుని రాశాం. తల్లి పేరు దగ్గర అమ్మ ఆగింది. పేరు చెప్పింది. నేను రాశాను. అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో కాగితం దగ్గరగా పెట్టుకుని చూసుకుని, వేలితో ఒకసారి తడిమింది. అమ్మమ్మ పేరు ఏ రేషన్ కార్డులోనూ, ఏ ఓటరు లిస్టులోనూ మేం చూడలేదు. ఒక కాగితం మీద ఆ పేరు రాయడం మా ఇంట్లో అదే మొదటిసారి.

ఇక సాక్షులు. అమ్మకి గుర్తున్న పేర్లు తొమ్మిది. ఆటో అతనితో మొదలుపెట్టి, టీ కొట్టు దగ్గర, రామాలయం అరుగు మీద అడుగుతూ వెళ్ళాం. ఆరుగురు లేరు. ఒకరు మచిలీపట్నంలో కొడుకు దగ్గర మంచం మీద ఉన్నారు. మిగిలింది ఇద్దరు. సరిగ్గా మాకు కావలసినంత మందే.

మొదట దొరికినావిడ అమ్మ వాళ్ళ పక్కింటావిడ. ఆధార్ ప్రకారం ఎనభై రెండు. వాకిట్లో కూర్చుని వల కుట్టు విప్పుతోంది. అమ్మ ఎదురుగా నిలబడి, "అత్తా, నేను" అని తాతయ్య పేరు చెప్పింది. ఆవిడ చాలాసేపు చూసింది. చూసి, "చల్లపల్లి పోయి బతికిన పిల్లవి గదూ" అంది.

ఆ మాట అమ్మకి ఎలా తగిలిందో నాకు తెలుసు. ఉప్పెనకి రెండు రోజుల ముందు అమ్మ చల్లపల్లిలో పిన్ని ఇంటికి వెళ్ళింది, పిన్ని కూతురి ఓణీల వేడుకకి. తమ్ముళ్ళు ఇద్దరూ వస్తామని ఏడిస్తే అమ్మమ్మ పంపలేదు, పరీక్షలున్నాయని. పదహారేళ్ళ పిల్ల ఆరో రోజున దీవికి తిరిగొచ్చేసరికి ఇల్లు ఉన్న చోట తాటి మొద్దు ఒకటి అడ్డంగా పడి ఉందట. ఈ మాటలు మాకు ఎప్పుడూ చెప్పని అమ్మ, ఆవిడ పక్కన నేల మీద కూర్చుని ఒక్కొక్కటే చెప్పింది. నేను కాస్త దూరంగా వేపచెట్టు కింద నిలబడి విన్నాను. ముసలావిడ ఓదార్పు మాటలేమీ అనలేదు. అమ్మ తల తన ఒళ్ళోకి లాక్కుని జుట్టు నిమురుతూ ఉండిపోయింది.

తర్వాత పుట్టిన సంగతి అడిగాను. ఏ సంవత్సరం, ఏ నెల అంటే ఆవిడకి తెలియదు. కానీ కాసేపు ఆలోచించి అంది: "అష్టగ్రహ కూటమి వచ్చింది సూడు. లోకం మునిగిపోద్దని ఊరంతా రాత్రీ పగలూ భజనలు జేత్తన్నాం. ఈ పిల్ల సాప మీద బోర్లాపడి నవ్వతంది. మీ అమ్మ ఏడ్సింది, ఇంత పిల్లని సూసుకోకుండానే పోతామా అని."

నేను వెంటనే ఫోన్ తీసి చూశాను. అష్టగ్రహ కూటమి 1962 ఫిబ్రవరి మొదటి వారం. పిల్లలు బోర్లాపడేది నాలుగో నెల ప్రాంతంలో. అంటే అమ్మ పుట్టింది 1961 అక్టోబరులో, దసరా రోజుల్లో. అమ్మ నా మొహంలోకి చూసి, "జనవరి కాదా?" అంది. అరవై మూడేళ్ళకి తను పుట్టిన కాలం తెలిసింది ఆమెకి. ఇంటికొచ్చాక చెల్లికి వీడియో కాల్ చేసి మొదట చెప్పింది ఇదే, సర్టిఫికెట్ సంగతి కాదు.

రెండో సాక్షి అమ్మ బాబాయ్ అని పిలిచే ఆయన, డెబ్బై నాలుగేళ్ళు. నావ నడిపిన మనిషి. అమ్మ పుట్టిన రాత్రి మంత్రసానిని పిలుచుకురావడానికి పరిగెత్తిన పదకొండేళ్ళ పిల్లాడు ఈయనే. మమ్మల్ని ఏటి గట్టు మీదికి తీసుకెళ్ళాడు, ఇల్లు చూపిస్తానని. గట్టు చివర ఆగి నీళ్ళలోకి చెయ్యి చాపాడు. "అదిగో ఆ గెడ పాతి ఉంది గదా, దానికి ఇంకాస్త అవతల. అది మీ దొడ్డి."

ఇల్లు ఉప్పెనలో పోయింది. నేల తర్వాత ఏటిలో పోయింది. మొన్నటి వరదకి కూడా గట్టు కోసుకుపోయిన చోట మట్టి ఇంకా తడిగా, పచ్చిగా కనబడుతోంది. "ఎనకటి రోజుల్లో వరదొత్తే మట్టి మేసేది. ఇప్పుడు ఉత్త నీళ్ళొచ్చి ఉన్న మట్టి కూడా ఎత్తుకుపోతంది" అన్నాడాయన. ఈ దీవి పుట్టిందే కృష్ణ తెచ్చిన ఒండ్రుతో. 1957లో ప్రకాశం బ్యారేజీ, 1967లో నాగార్జునసాగర్, ఆ తర్వాత శ్రీశైలం. వాటి వల్ల మా తెనాలి పొలాలు పండాయి, మేం ఆ అన్నమే తిని పెరిగాం. ఒండ్రు మాత్రం ఆనకట్టల వెనకాలే ఆగిపోయి, ఇక్కడ తీరం వెనక్కి వస్తోంది. ఈ మాట నేను చదివి ఉన్నాను. మా అమ్మమ్మ పొయ్యి ఉన్న చోటు మీద పడవ వెళ్ళడం చూశాకే నాకు అర్థమైంది.

ఉప్పెన సంగతి కూడా ఆయనే చెప్పాడు. కార్తీక మాసం, శనివారం. పొద్దున్నుంచీ గాలి. తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. దానికి కుడివైపున ఉండటమే దివిసీమ చేసుకున్న పాపం, సుడి తిరిగే గాలి సముద్రాన్నంతా ఇటే తోసింది. నీళ్ళు తాటిచెట్లలో సగం ఎత్తుకి వచ్చాయని, శబ్దం మాత్రం అంతకు ముందే వచ్చిందని చెప్పాడు. ఆయన తుమ్మచెట్టు కొమ్మల్లో ఇరుక్కుని తెల్లవారేదాకా ఉన్నాడు. ముళ్ళ మచ్చలు చేతుల మీద చూపించాడు. మడ దట్టంగా ఉన్న వైపు కాస్త బతికారని కూడా అన్నాడు. తన తాత 1864 మచిలీపట్నం ఉప్పెన గురించి కథలా చెప్పేవాడట. ఆ ఉప్పెనలో 30 వేల మంది పోయారు. "మాకది కథే అనుకున్నాం" అన్నాడు.

ఆ రోజు ఆఖరి పంటుకి తిరిగొచ్చాం.

అక్టోబరు 11న, పద్నాలుగు రోజులకి, సరిచేసిన సర్టిఫికెట్ ఫోటో వాట్సాప్‌లో వచ్చింది. ఆ మర్నాడే దసరా. అమ్మకి కేక్ కోద్దామంటే వద్దంది, పరమాన్నం చేసింది.

అఫిడవిట్ల కోసం అక్టోబరు 28, సోమవారం వెళ్ళాం. నోటరీ ఉండేది అవనిగడ్డలో, సాక్షులు ఉండేది దీవిలో. ఎనభై రెండేళ్ళ ఆవిడని ఏరు దాటించాలా అని నేను భయపడ్డాను. ఆవిడ మాత్రం ఉతికిన చీర కట్టుకుని, ఆధార్ కార్డు రుమాలులో మూటకట్టి నడుం దగ్గర దోపుకుని, మాకంటే ముందే రేవులో కూర్చుని ఉంది. ఇద్దరినీ పంటు దాటించి కారులో తీసుకెళ్ళాం.

నోటరీ దగ్గర తెలుసుకున్నవి చెబుతాను, ఎవరూ ముందుగా చెప్పరు. సాక్షుల ఒరిజినల్ ఆధార్, రెండేసి ఫోటోలు తప్పనిసరిగా కావాలి. ఆవిడ వేలిముద్ర వేస్తుంది కాబట్టి, ఇంగ్లీషులో ఉన్న అఫిడవిట్‌ని తెలుగులో చదివి వినిపించాం, ఆమెకి అర్థమైంది అని కింద ఒక వాక్యం రాయించాలి. సాక్షికీ అమ్మకీ ఏం వరస, పుట్టుక ఎలా తెలుసు, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు ఉండాలి.

తేదీ దగ్గర నాకు భయం వేసింది. జనవరి ఒకటి అని వాళ్ళతో ప్రమాణం చేయించడం అబద్ధం. అక్టోబరు అని రాస్తే పాస్‌పోర్టుతో కలవదు. లాయరు ముందే చెప్పినట్టు, '1961వ సంవత్సరంలో పుట్టినట్టు నాకు స్వయంగా తెలుసు, ప్రభుత్వ రికార్డుల్లో ఆమె పుట్టిన తేదీ 01-01-1961గా ఉంది' అని రెండు ముక్కలుగా రాయించాం. ఉన్నది ఉన్నట్టే రాశాం. మనసు తేలికపడింది.

మధ్యాహ్నం భోజనం పెట్టించి, మోపిదేవి గుడికి తీసుకెళ్ళమని ఆవిడ అడిగితే వెనక్కి వెళ్ళి దర్శనం చేయించాం. దానితో ఆలస్యమైంది. ఏటిమొగ చేరేసరికి నీళ్ళు తీసేశాయి. పంటు ఎక్కాం గాని, అవతలి ఒడ్డుకి యాభై గజాల దూరంలో బురదకి ఆనుకుని ఆగిపోయింది. పోటు తిరిగేదాకా అక్కడే. గంటన్నర. పొద్దు వాలిపోతోంది. నాకు కంగారు, పెద్దవాళ్ళు ఇద్దరున్నారు, చలిగాలి. పంటులో ఉన్న మిగతావాళ్ళెవరికీ కంగారు లేదు. ఒక అమ్మాయి ఒళ్ళో పుస్తకం పెట్టుకుని హోంవర్క్ చేసుకుంది. ఒకాయన మందుల సంచీ పక్కన పెట్టుకుని నిద్రపోయాడు. నాకిది ఒక సాయంత్రం, వాళ్ళకి ఇదే రోజూ జరిగేది. అర్ధరాత్రి పురిటి నొప్పులొస్తే, పాము కరిస్తే, నీళ్ళు తీసేసి ఉంటే ఏం చేస్తారు? వంతెన ఎప్పుడొస్తుందో అని ఆ గంటన్నరలో నాలుగుసార్లు విన్నాను. ఇన్నేళ్ళుగా వాళ్ళు అడుగుతున్నది ఎంత న్యాయమైనదో ఆ బురద మీద కూర్చుంటే తెలుస్తుంది.

ఆ గంటన్నరలోనే అమ్మా, ముసలావిడా పాత ఊరిని మళ్ళీ నిలబెట్టారు. ఎవరి ఇల్లు ఎవరి పక్కన, ఏ చెట్టు కింద వలలు ఆరేసేవాళ్ళు, తీపినీళ్ళ గుంట ఎక్కడ. నేను సర్టిఫికెట్ జిరాక్స్ వెనకాల వాళ్ళు చెప్పినట్టు గీసుకుంటూ పోయాను. ఇరవై రెండు ఇళ్ళు తేలాయి. ఆ కాగితం ఇప్పుడు లామినేట్ చేయించి పెట్టాను.

తర్వాతది త్వరగా అయింది. సర్టిఫికెట్ తెలుగులో ఉంది కాబట్టి ఇంగ్లీషు అనువాదం, అనువదించినవారి ధ్రువీకరణతో, నవంబరు 4న. అన్నీ రంగుల్లో స్కాన్ చేసి చెల్లి నవంబరు 9న అప్‌లోడ్ చేసింది. 2025 జనవరి 3న కాగితాలన్నీ సరిపోయాయని జవాబొచ్చింది. ఇంటర్వ్యూ ముంబైలో, తేదీ రావాలి.

ఖర్చు రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. కారు మూడుసార్లు 10,500. నోటరీకి ఇద్దరివీ కలిపి 1,000. స్టాంపు పేపర్లు 240. ఫోటోలు, జిరాక్సులు 310. అనువాదం 1,200. మొత్తం 13,250 రూపాయలు, నావి ఆరు సెలవులు. సాక్షులు ఇద్దరూ డబ్బు తీసుకోలేదు. బాబాయ్ గారికి కండువా, ఆవిడకి చీర పెడితే తీసుకున్నారు.

కారు రెండుసార్లేగా అనుకుంటారు. మూడోది నవంబరు 19న. ఆఫీసు పనేమీ లేదు. అమ్మ అడిగింది, వెళ్ళాం. ఆ ఏడు కూడా ఆ రోజు కార్తీకంలోనే పడింది. ముసలావిడకి మోకాళ్ళ నూనె, రగ్గు తీసుకెళ్ళాం. సాయంత్రం గట్టు మీదికి వెళ్ళి, ఆ గెడ కనబడే చోట అమ్మ అరటి దొప్పల్లో మూడు దీపాలు పెట్టి ఏట్లో వదిలింది. పోటు వస్తున్న వేళ. దీపాలు సముద్రం వైపు పోలేదు, లోపలికి, ఊరి వైపు వచ్చాయి. బాబాయ్ గారు గెడ తీసుకుని వాటికి ఒడ్డు తగలకుండా తోస్తూ గట్టు వెంట కొంతదూరం నడిచాడు.

ఆఖరి పంటుకి ఇంకా ఇరవై నిమిషాలుంది. అమ్మ అప్పటిదాకా అక్కడే కూర్చుంది.